లైటు కొట్టినవాడు

నాకు నోరు ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. పొద్దస్తమానం ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని లారీల టార్పాలిన్లకు అతుకులు వేస్తుంటాను. చేతులకు పని ఉంటుంది గానీ నోరు ఖాళీయే కదా! పాలవాడు నీళ్ళు కలిపినా, పక్కింటావిడ చెత్త మా గుమ్మం వైపు ఊడ్చినా, వాళ్ళ ఏడు తరాలూ నా నోట్లో పడి నలగాల్సిందే. మా ఆయన నవ్వేవాడు. "నీ శాపాలన్నీ తగిలితే ఈ ఊళ్ళో మనిషనేవాడు మిగలడే," అనేవాడు. నా మాటలు ఎవరికీ తగలవని, గాల్లో కలిసిపోతాయని నేనూ అనుకునేదాన్ని.

మా ఆయన లారీ డ్రైవరు. మా తమ్ముడూ అంతే. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేటప్పుడు నా పెట్టెతో పాటు వాణ్ణీ తెచ్చుకున్నాను. గాలికి ఎగిరిపోయేటట్టు ఉండేవాడని మా ఆయన వాడికి 'చీపురుపుల్ల' అని పేరు పెట్టాడు. వాడు ఊరుకుంటాడా, బావ బట్టతల మీద పూటకో జోకు వేసేవాడు. వాడికి లారీ నేర్పింది మా ఆయనే. స్టీరింగు కంటే ముందు నేర్పింది మాత్రం లైటు కొట్టడం.

అది లారీ వాళ్ళ పద్ధతి. పోలీసు చెకింగు దాటి వచ్చిన డ్రైవరు, ఎదురొచ్చే ప్రతి లారీకీ పట్టపగలైనా సరే హెడ్‌లైట్లు వేసి ఆర్పుతాడు, ముందు వాళ్ళున్నారు చూసుకో అని. అవతలివాడు పక్కదారి ఉంటే తిప్పేస్తాడు. లేకపోతే బెల్టు పెట్టుకుని బుద్ధిమంతుడిలా మొహం పెడతాడు. బండి ఎవరిది, లోపల ఉన్నది ఎవడు అని ఎవరూ చూడరు. "లైటు కొట్టనివాడు డ్రైవరే కాడు," అని మా ఆయన తమ్ముడికి మొదటి రోజే చెప్పాడు. వాడూ ఆ మాట గుండెల్లో పెట్టుకున్నాడు.

ఆ మధ్య మా వైపు మెయిన్ రోడ్డుకి ఒక లేడీ ఇన్‌స్పెక్టరు వచ్చింది. ఆవిడ చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. ఆపిన ప్రతి లారీ చక్రాల బోల్టులనూ దాంతో కొట్టి చూస్తుంది. బ్రేకు తొక్కమంటుంది, అరిగిన టైరులో వేలు పెడుతుంది, డ్రైవరు కళ్ళలోకి చూసి నిద్రపోయి ఎంతసేపయింది అని అడుగుతుంది. ఏది తేడా ఉన్నా బండి అక్కడే ఆగిపోవాల్సిందే. బతిమాలినా, పెద్దవాళ్ళతో ఫోను చేయించినా లాభం లేదు. డ్రైవర్లు ఆవిడకి 'సుత్తమ్మ' అని పేరు పెట్టి టీ కొట్టు దగ్గర నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్ళు. మా ఇంట్లో బావా బావమరుదులు అన్నం తింటూ గరిటెతో కంచం అంచు మీద కొట్టి, "ఏమయ్యా, నీ బోల్టు వదులైందే," అని ఆవిడలా మాట్లాడి పడీ పడీ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, నాకేం తెలుసు!

ఆ రోజు పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు. సిమెంటు లోడుతో బయల్దేరుతున్నానన్నాడు.

"బ్రేకు కొంచెం లేటుగా అందుతోందక్కా. ఈ లోడు దింపేసి షెడ్డుకి తీసుకెళ్తా."

"ఇప్పుడే తీసుకెళ్ళి ఏడవొచ్చుగా?"

"ఓనరు ఒప్పుకోవట్లేదు. ఈ ఒక్కసారికీ వెళ్ళమంటున్నాడు. నిదానంగా పోతాలే."

"మీ ఓనరు నెత్తిన ఆ బస్తాలు పడ! ఆ సుత్తమ్మకి దొరికిపో, అప్పుడు తిక్క కుదురుతుంది నీకు."

"సరే తల్లీ, దొరుకుతాలే. నువ్వు ముందు టిఫిను తిను," అని నవ్వి పెట్టేశాడు.

నేను తిట్టుగా అన్న ఆ మాటే నిజమై ఉంటే ఎంత బాగుండేది! నిజంగానే ఆవిడ ఆ రోజు ఆ రోడ్డు మీదే ఉంది. ఆవిడ నిలబడ్డ చోటికి కాస్త ముందు పాత క్వారీ రోడ్డు చీలుతుంది. చెకింగు తప్పించుకోవాలనుకునేవాళ్ళు అటు తిప్పుతారు. అదంతా దిగుడు రోడ్డు. తమ్ముడు అటే తిప్పాడు. దిగుడులో బ్రేకు అందలేదు. లారీ వెళ్ళి గుట్టకి గుద్దుకుంది, వెనకున్న బస్తాలు కేబిన్ మీదికి వచ్చి పడ్డాయి. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

మత్తు దిగాక వాడు నాతో అన్న మొదటి మాట నాకింకా చెవుల్లో ఉంది.

"నేరుగానే పోదామనుకున్నానక్కా. ఎవడో లైటు కొట్టాడు. సర్లే, ఎందుకొచ్చిన గొడవ అని అటు తిప్పా."

"ఎవడు వాడు?"

"ఏమో. ఎండ అద్దం మీద కొడుతోంది, కనపళ్ళేదు."

ఇంకేముంది, నా నోటికి ఒక మనిషి దొరికాడు. ఆ లైటు కొట్టినవాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. నర్సు వస్తే నర్సుతో, పక్కమంచం వాళ్ళ చుట్టాలొస్తే వాళ్ళతో, ఎవరూ లేకపోతే కిటికీతో. "వాడి చేతులు పడిపోను! వాడింట్లోనూ గుమ్మంలో ఇలాగే మంచం పడాలి. వాళ్ళ మనిషొకడు లేవలేక దాని మీద పడుండాలి. వాడి పెళ్ళాం రోజూ అది చూసి కుళ్ళి కుళ్ళి ఏడవాలి!" వినీ వినీ వార్డులో అందరికీ అది కంఠతా వచ్చేసింది.

మామూలుగా అయితే మా ఆయన "చాల్లే, ఇక ఆపు," అనేవాడు. ఈసారి అనలేదు. ఫ్లాస్కుతో టీ తెచ్చేవాడు, నాకు పోసిచ్చేవాడు, తను తాగేవాడు కాదు. అన్నం సయించడం లేదంటే బావమరిది మీద ప్రేమ అనుకున్నాను. ఒకసారి ఉండబట్టలేక మీద పడ్డాను.

"నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా ఏంటి? వాడు నీక్కూడా బావమరిదేగా! నువ్వూ నాలుగు తిట్టు ఆ దరిద్రుణ్ణి."

"నువ్వు తిట్టు," అన్నాడు. "నువ్వు బాగా తిట్టు."

ఒకరోజు మధ్యాహ్నం ఆ ఇన్‌స్పెక్టరు వార్డులోకి వచ్చింది. చేతిలో సుత్తి లేదు, ఒంటి మీద ఖాకీ బట్టలు లేకపోతే ఎవరో స్కూలు టీచరనుకునేదాన్ని. తమ్ముడి మంచం చివర, దుప్పటి చదునుగా పడి ఉన్న వైపు ఒకసారి చూసి, కళ్ళు తిప్పుకుంది.

"ఇప్పుడెందుకొచ్చారు? ఏం చూడ్డానికి?" అని లేచాను. "మీరు అక్కడ కాపు కాయబట్టేగా నా తమ్ముడు ఆ రోడ్డులోకి తిరిగింది!"

ఆవిడకి కోపం రాలేదు. "ఆ రోడ్డు మొదట్లో కూడా ఒక మనిషిని పెట్టాల్సిందమ్మా. ఉన్నవాళ్ళు చాలక పెట్టలేదు. ఎప్పుడు కళ్ళు మూసుకున్నా అదే గుర్తొస్తోంది," అంది.

"మీకు దొరికి ఉంటే ఏం చేసేవాళ్ళు?"

"బ్రేకు తొక్కించేదాన్ని. బండి అక్కడే పెట్టించేసి, ఇతన్ని బస్సెక్కించేదాన్ని. దారిపొడుగునా నన్ను తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు. తిట్లు నాకు అలవాటేలే అమ్మా."

ఒక్కసారిగా అంతా నా కళ్ళ ముందు కనపడింది. తమ్ముడు బస్సు దిగి వస్తాడు. చెప్పులు గుమ్మం దగ్గర విసిరికొట్టి, "చూశావా అక్కా, ఆ సుత్తమ్మ బండి ఆపేసింది," అని అరుస్తాడు. రెండు కాళ్ళ మీద నా ఎదుట అటూ ఇటూ తిరుగుతూ అరుస్తాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "ఎవరో లైటు కొట్టారని విన్నాను. అదెవరో చూశావా? కేసు పెట్టడానికి కాదు. పిలిచి ఒకసారి మాట్లాడదామని."

"చూళ్ళేదు మేడం," అన్నాడు వాడు. "చూసినా చెప్పను. వాడు నా మంచికే కొట్టాడు."

"మంచికా!" అని మళ్ళీ అందుకున్నాను. "వాడింటి గుమ్మంలో మంచం పడ..."

మా ఆయన ఫ్లాస్కు తీసి స్టూలు మీద పెట్టాడు.

"నేనే మేడం," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఎవరి కోసమో నేరం నెత్తిన వేసుకుంటున్నాడనుకున్నాను. ఆయన మాత్రం తల వంచుకుని చెప్పుకుపోయాడు.

"ఆ రోజు నా బండి షెడ్డులో ఉంటే ఓనరు కొత్త బండి ఇచ్చాడు. వీడు దాన్ని ఎప్పుడూ చూళ్ళేదు. చెకింగు దాటొచ్చి, ఎదురొచ్చిన ప్రతి బండికీ కొట్టుకుంటూ పోయా. ఎవరిదని చూస్తామా, చెయ్యి దానంతటదే పోతుంది. అద్దంలో చూస్తే ఒక లారీ క్వారీ రోడ్డులోకి తిరుగుతోంది. నీలం టార్పాలిన్‌కి ఎర్ర అతుకు కూడా కనపడింది. మా ఆవిడ కుట్టిందే. ఇది సగం ఊరి బండ్లకి కుడుతుంది, ఎవరిదో అనుకున్నా. ఒకడు తప్పించుకున్నాడని... నవ్వుకున్నా మేడం. నవ్వుకున్నా."

ఇన్‌స్పెక్టరు మా ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి మానుకుని వెళ్ళిపోయింది.

"నేనైనా కొట్టేవాణ్ణే," అన్నాడు తమ్ముడు. అని గోడవైపు తిరిగాడు. తర్వాత దాహమేసి నన్ను పిలిచాడు. నీళ్ళ సీసా ఉన్నది మా ఆయన చేతికి దగ్గర్లో. ఆయన్ని మాత్రం అడగలేదు.

వార్డులో నేను అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నిటినీ ఆ మనిషి నా పక్కనే నిలబడి విన్నాడు, విని నాకు టీ పోసిచ్చాడు. ఆసుపత్రి మెట్ల మీద, "తిట్టవేం?" అని అడిగాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను.

"తిట్టడానికి నేనేం మిగుల్చుకున్నాను?" అన్నాను.

ఆయన మళ్ళీ బండి ఎక్కాడు, ఎక్కకపోతే ఇల్లు గడవదు. లైటు మాత్రం కొట్టడం లేదు. టీ కొట్టు దగ్గర వాళ్ళంతా ఆయన్ని సుత్తమ్మ మనిషి అంటున్నారట. ఆయన ఎవరికీ ఏమీ చెప్పుకోడు.

తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. వాడికి నేను తప్ప ఎవరున్నారు? మా లోపలి గది తలుపు సన్నం, చక్రాల కుర్చీ పట్టదు. మా ఆయనే కొలత చూసి, నా కుట్టుమిషనుని లోపలికి జరిపి, ముందు గదిలో గుమ్మం పక్కన మంచం వేశాడు.

"ఇక్కడైతే గాలొస్తుంది. దారిన పోయేవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడుకుంటాడు," అన్నాడు.

నేను చేతుల్లో టార్పాలిన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గుమ్మంలో మంచం. వార్డంతా వినేలా నేను అడిగింది ఇదే. వాళ్ళ మనిషి ఎవరో, ఆ పెళ్ళాం ఎవరో తెలియకుండానే అడిగాను. ఆయనకీ అదే గుర్తొచ్చి ఉంటుంది, నా వైపు చూడకుండా మంచం కోళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి, కదలకుండా ఉందో లేదో ఊపి చూస్తున్నాడు.

బయట ఆటో ఆగింది. ఆయన వెళ్ళి తమ్ముణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. వాడు బావ మెడ చుట్టూ చెయ్యి వేశాడు, వేయకపోతే పడిపోతాడు. నేను గుమ్మంలోంచి పక్కకి జరిగి దారి ఇచ్చాను.