ఒక్క గడి ముందుకు

ఇస్త్రీ చేస్తున్నంతసేపూ ఆమె ఫోన్‌ని చొక్కాల దొంతరకు ఆనించి చదరంగం పాఠం వింటూనే ఉంది. ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, ఆమెకు కొట్టినపిండి. నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడమంటే కళ్ళు మూసుకుని ఆడేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. పావులన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాక ఇక ఏం చెయ్యాలో పాలుపోదు. ఏనుగును పక్క గడిలోకి జరుపుతుంది, మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటుంది. "ఎదుటివాళ్ళు ఏం చేస్తారా అని చూస్తూ కూర్చోకండి. నాకేం కావాలి అని అడగండి," అన్నాడు పాఠం చెప్పే మాస్టారు. నాకేం కావాలి అనుకోగానే ఆమెకు బట్టల సబ్బు అయిపోయిందని గుర్తొచ్చింది. తనమీద తనకే నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో ఆమెకు బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో మరుదుల ముందు ఆడి మొగుడి ఆట చిటికెలో కట్టేసింది. మరుదులు పడీ పడీ నవ్వారు. ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వంటింట్లో అత్తగారు గొంతు తగ్గించి, "గెలిస్తే గెలిచావులే గానీ, నలుగురిలో వాడి మొహం ఎంత చిన్నబోయిందో చూశావా అమ్మా," అంది. అప్పట్నుంచి ఆదివారం ఆటల్లో తెల్లపావులు ఆయనవే. "ఇంటి యజమానిని, మొదటి ఎత్తు నాదే కదా," అని ఆయన జోకు. ఓపెనింగ్‌లో ఆమె ఒళ్ళు దాచుకోదు. మరీ తేలిగ్గా ఓడితే ఆయనకు అనుమానం వస్తుంది. ఆట నడిమధ్యకు రాగానే మాత్రం, ఏనుగును అటూ ఇటూ తిప్పుతూ, గెలిచే దారి ఆయన కంట పడేదాకా కాచుకుని ఉంటుంది. గెలిచాక టీ అడిగే గొంతులో ఎంత ప్రేమో! అలా ఏళ్ళ తరబడి మర్యాదగా ఓడీ ఓడీ, ఇప్పుడు నిజంగా గెలవాలన్నా చేతకాకుండా పోయింది.

ఇప్పుడే ఆ అవసరం వచ్చిపడింది. ఆమె పనిచేసే కరెంటాఫీసు మహిళల చదరంగం జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. పోటీ ఇద్దరి మధ్యే. బిల్లింగ్ సెక్షన్ నుంచి ఆమె, స్టోర్స్ నుంచి ఇంకొకావిడ. గెలిచినవాళ్ళు వారంపాటు వేరే ఊళ్ళో ఉండి ఆడాలి. ఎవరి గది వాళ్ళదే. పొద్దున లేచి ఎవరికీ టీ ఇవ్వకుండా పావుల ముందు కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకు దొంగచాటుగా ఏదో తింటున్నట్టు ఉండేది. మొగుడు వద్దనలేదు. "వెళ్ళు, నేనేమైనా కాదన్నానా? అమ్మ మందులు, నా క్యారేజీ సంగతి చూసి వెళ్ళు," అన్నాడు. కాదనని మనిషితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

పోటీ రోజు ఆఫీసు భోజనాల గదిలో బల్లలు జరిపి బోర్డు పెట్టారు. ఆమెకు నల్లవే వచ్చాయి. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఓపెనింగ్ మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా సాగింది. తెల్లబంటు ఒకటి బోర్డు మధ్యకు చొచ్చుకొచ్చి తిష్ట వేసింది. ఆమె ఒంటె సొంత బంట్ల వెనకే ఊపిరాడక కూర్చుంది. దానికి మందు ఆమెకు తెలుసు. రాజు పక్కనున్న బంటును ఒక్క గడి ముందుకు తోస్తే చాలు, ఆ తెల్లబంటు అక్కడ నిలవలేదు, ఒంటెకు దారి దొరుకుతుంది. లెక్క చూసుకుంది, సరిపోయింది. మళ్ళీ చూసుకుంది, మళ్ళీ సరిపోయింది. చెయ్యి బంటు దాకా వెళ్ళి, పక్కకు తిరిగి ఏనుగు మీద వాలింది. ఏనుగు పక్క గడిలోకి జరిగింది. తర్వాతి ఎత్తుకు వెనక్కొచ్చింది. తొయ్యవే, తొయ్యి అని లోపల మొత్తుకుంటూనే ఉంది గానీ, చెయ్యి ఆమె మాట వినే స్థితిలో లేదు. ఈలోగా తెల్లపావులు ఒక్కొక్కటే ఆమె రాజు మీదికి దిగాయి. ఇప్పుడు తోద్దామన్నా లాభం లేదు. ఓటమి ఒప్పుకుని, రాజును పడుకోబెట్టి చెయ్యి కలిపింది.

స్టోర్స్ ఆవిడ "అమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలింది. ఆ వెంటనే పావుల్ని మునుపున్న చోట్లలో పేర్చి, ఆ బంటు మీద వేలు పెట్టింది.

"అక్కా, దీన్ని ఎప్పుడు తోస్తావా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా. తోసుంటే నా పని అయిపోయేది. చూళ్ళేదా?"

"చూశాను."

"మరి?"

ఏదో ఒకటి చెప్పి నవ్వేద్దామనుకుంది. నోట్లోంచి నిజమే వచ్చేసింది. "తొయ్యమని ఎవరైనా అంటారేమోనని చూశాను."

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. "ఆడేవాళ్ళకి పక్కనుంచి ఎవరూ ఏమీ చెప్పకూడదక్కా," అంది. "అది రూలు కదా!"