ఖాళీ మిషను

"మా వంశంలో ఎవరికీ లేదమ్మా ఈ రోగం," అంది అత్తగారు, బంగాళాదుంపల తొక్క తీస్తున్న కోడలి పక్కకు కుర్చీ లాక్కుంటూ. రోగమంటే, పదేళ్ల మనవరాలు కళ్ళు టపటపా ఆర్పడం, ఉండుండి గొంతులో "హుం, హుం" అనడం. వీటిని టిక్స్ అంటారనీ, పిల్ల కావాలని చేసేది కాదనీ, తుమ్మొచ్చినట్టు లోపల్నుంచి తన్నుకొస్తుందనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆపు ఆపు అంటే ఇంకా ఎక్కువవుతుందట. తల్లి పెంపకానికీ దీనికీ సంబంధమే లేదట. ఆ చివరి మాట మాత్రం ఈ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉండేవా?" అని కూడా అడిగింది డాక్టరమ్మ. పక్కన భర్త ఉన్నాడు. "లేదండీ" అనేసింది కోడలు. ఆ అబద్ధం అప్పట్నుంచీ ఆమెను కాల్చుకు తింటోంది.

ఎందుకంటే ఆమెకీ ఉండేది. చిన్నప్పుడు బడిలో పొద్దంతా బిగబట్టుకుని, ఇల్లు చేరగానే అమ్మ బట్టలు కుట్టే గదిలోకి పరిగెత్తేది. కొత్తబట్ట వాసన, సుద్దముక్కలు, కిటికీలోంచి సాయంత్రపు ఎండ. కూతురి మొహం చూడగానే అమ్మ మిషను తొక్కడం మొదలెట్టేది. సూదిలో దారం ఉండేది కాదు, కింద గుడ్డ ఉండేది కాదు. ఆ చప్పుడులో ఆమె "హుం, హుం" అని కడుపారా అనేసేది. "ఏంటే అంతసేపు కుడుతున్నావ్?" అని ముందుగదిలోంచి నాన్న కసిరితే, "అంచులండీ!" అనేది అమ్మ. ఇద్దరూ నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. ఆ గదిలో ఉన్నంత హాయి ఆమెకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. పెళ్ళయ్యాక బాత్రూంలో కుళాయి తిప్పుకోవడమే. "అందులోనే కాపురం పెట్టావా?" అని వేళాకోళమాడతాడు భర్త.

ఇవాళ ఆడపడుచు భోజనానికొచ్చింది. "అత్తయ్య ఉన్నంతసేపూ ఆపుకోమ్మా, మంచిదానివి కదూ," అన్నాడు భర్త కూతురితో. పిల్ల బుద్ధిగా తలూపింది. పావుగంటకు వంటింట్లోకొచ్చి తల్లి కొంగు లాగింది.

"అమ్మా, ఒక్కసారి మిక్సీ వెయ్యవా? ఖాళీదైనా పర్లేదు."

ఆమె గరిట పక్కన పెట్టేసింది. ఆ పిల్లకు ఇది ఎవరూ నేర్పలేదు. అమ్మ తొక్కిన మిషను మీద ఎంత ప్రేమ ఉన్నా, అమ్మ కూడా తనను దాచిందే తప్ప, దాచక్కర్లేదని ఒక్కనాడూ అనలేదని ఇప్పుడే తట్టింది. ఏడుపొచ్చింది, అమ్మ మీద కోపమూ వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది.

"హుం, హుం" అంది పిల్ల, ఇక ఆగలేక.

"ఏమైందిరా దీనికి?" అంది ఆడపడుచు తమ్ముడితో.

"జలుబక్కా," అన్నాడతను తడుముకోకుండా.

"జలుబు కాదు వదినా, టిక్స్," అంది ఆమె, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటూ. "నా పోలిక. పన్నెండేళ్ళుగా మీ తమ్ముడికి వినపడకుండా బాత్రూంలో కుళాయి తిప్పుకుని అంటున్నాను. ఇకనుంచి ఇద్దరం ఇక్కడే కూర్చుని అంటాం."