పోశం కోసం గొలుసు ప్రార్థన

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిదో రోజు. కోరుట్లలో బస్సు తిరగడం లేదు, మార్కెట్ మూతపడింది. రేకుల చర్చిలో మాత్రం నిన్నటి నుంచి పోశం పేరున గొలుసు ప్రార్థన ఆగకుండా సాగుతోంది. ఇంటికొకరు గంటసేపు మోకాళ్ల మీద ఉంటారు. తర్వాతి మనిషి వచ్చేదాకా లేవకూడదు. నడుమ తెగితే రోగికి మంచిది కాదని వాళ్ల నమ్మకం.

పొద్దున తొమ్మిది నుంచి పది దాకా సామేలు వంతు. పసుపు, మక్కల వ్యాపారం అతనిది. ఏ సరుకు ఎప్పుడు కదపాలో, ఎప్పుడు దాచాలో కోరుట్లలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నాలుగు రోజులుగా జ్వరంతో పడి ఉన్న పోశం అతని దుకాణంలోనే పన్నెండేళ్లుగా బస్తాలు మోస్తున్నాడు.

తొమ్మిదింబావుకు పోశం భార్య ముత్తమ్మ పరుగున వచ్చింది.

"సేటూ, పిలిస్తే పలుకుతలేడు. నీ ట్రాలీల ఏసుకొని జగిత్యాల దవాఖానకు తోలుకపోదాం, లే!"

సరుకు మోసే ఆ ట్రాలీ ఆటో చర్చి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కొత్తది. జగిత్యాల రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు, నినాదాలు. అద్దం పగిలితే? టైర్లకు నిప్పు పెడితే? సామేలు మనసు అటూ ఇటూ తూచింది. ముల్లు బండి వైపే మొగ్గింది.

"వంతు నడుమల లేస్తే గొలుసు తెగుతది ముత్తమ్మా. పదింటికి దేవవ్వ అస్తది. అప్పుడు పోదాం."

ముత్తమ్మ నమ్మింది. కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

పదింటికి ముసలి దేవవ్వ వచ్చి పక్కన మోకరించగానే సామేలు లేచి పోశం ఇంటికి నడిచాడు. వాకిట్లో జనం. లోపల ముత్తమ్మ ఏడుపు. పోశం పోయి పావుగంట అయింది.

మెడలో గులాబీ కండువాతో శ్రావణ్ వచ్చాడు. రోడ్డు మీద వంటావార్పు చేయిస్తున్నది అతనే.

"బండి దొరకలేదా, సేటూ?"

"రోడ్డు బందు గద."

"పేషెంట్లకు బందేంది? పొద్దటి సంది నాలుగు బండ్లకు మేమే తొవ్వ ఇచ్చినం. పోశమన్న కోసం ఇయ్యకపోదుమా?"

వాకిట్లో ఎవరో, దేవవ్వకు సంగతి చెప్పి రమ్మని సామేలునే పంపారు.

చర్చిలో దేవవ్వ ఇంకా గట్టిగా వేడుకుంటోంది, పోశాన్ని లేపమని, అతని చేతులకు బలమియ్యమని. అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచింది.

"అప్పుడే అచ్చినవా, కొడుకా? దవాఖాన్ల చేర్పించిండ్రా? ముత్తమ్మ తొవ్వల కలిసి చెప్పింది, సేటు బండి తీస్తడని. నువ్వు తోలుకపోయినవనే నేను బుగులు లేకుంట కండ్లు మూసుకున్న."

"తోలుకపోలే దేవవ్వా."

"ఎందుకు?"

"పోయిండు."

దేవవ్వ మెల్లగా మోకాళ్ల మీంచి లేచింది. తిట్టలేదు. ఏడవనూ లేదు.

"మరి పొద్దుగాల గంటసేపు ప్రభువును ఏమడిగినవ్, కొడుకా?"

సామేలు తన ప్రార్థనను తలచుకున్నాడు. పోశం పేరెత్తి ఒక్క మాటైనా అన్నాడేమోనని వెతుక్కున్నాడు. ఆ గంటంతా కిటికీలోంచి ట్రాలీని చూస్తూ, నినాదాలు దగ్గరికి వస్తున్నాయా, దూరం పోతున్నాయా అని చెవి ఒగ్గి కూర్చున్నదే గుర్తొచ్చింది. ఇంకేమీ లేదు.