కాలవ అడిగిన లోయ

పనామా కాలవకి నీళ్ళు చాలడం లేదు. ఓడ దాటిన ప్రతిసారీ సరస్సులోని మంచినీళ్ళు సముద్రం పాలవుతున్నాయి. అందుకని దొమితీలా ఉండే లోయకి అడ్డుకట్ట వేసి ఇంకో సరస్సు చేస్తామంటున్నారు. అంటే ఆమె ఇల్లు, కాఫీ తోట, తల్లి సమాధి అన్నీ నీటి అడుగుకే. ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది: కొలతల వాళ్ళు వస్తే తలుపు తీయకూడదు, ఎవరూ ఊరు వదలడానికి ఒప్పుకోకూడదు.

ఆ మాట ఎవరో తప్పారు. కొలతలకొచ్చిన పిల్ల వాగు దగ్గర నోరు జారింది. "నన్ను తిడతావెందుకు పెద్దమ్మా? మీ ఊరాయనే మాకు కొండ దారి చూపించాడు. వెళ్ళిపోతానని ఒప్పుకున్నాడు కూడా." పేరడిగితే నాలిక కరుచుకుంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! ఆ రోజు నుంచి దొమితీలాకి ప్రతి మొగవాడి మొహంలోనూ ద్రోహే కనిపించాడు. అందరికంటే ఎక్కువగా పక్కింటి నికనోర్. వాడికా కొత్త బూట్లు ఎక్కడివి?

"నీకు పిచ్చి ముదిరిందే," అన్నాడు మొగుడు ఎలాదియో, రేడియో చెవికి ఆనించుకుని. ఒకప్పుడు కాలవని ఏలిన అమెరికా దొరలు దాన్ని మళ్ళీ లాక్కుంటామంటున్నారని వార్తలు. వింటూ ఉడికిపోతున్నాడు. ఉడకడా మరి? కాలవ పక్కన దొరలు వేసుకున్న కంచె దగ్గర మన జెండా ఎగరెయ్యాలని వెళ్ళి పదిహేడేళ్ళకే తొడలో తూటా తిన్నవాడు. ఆ తూటా కథ వినే ఆమె అతన్ని ఏరికోరి చేసుకుంది.

చివరికి దొమితీలా ఒక ఎత్తు వేసింది. పెరట్లో కొత్త గది కడతానని ఊరందరినీ పిలిచింది. అక్కడ మట్టిగోడ ఒకరి పని కాదు. ఊరంతా వచ్చి గడ్డి కలిపిన మట్టిని కాళ్ళతో తొక్కుతారు. ఆ బురదలో కాలు పెడితే ఆ ఇంటిని నిలబెడతానని మాటిచ్చినట్టే. ఊరు వదలడానికి ఒప్పుకున్నవాడు ఆ దొంగమాట ఇవ్వలేడు, రాకుండా పోతాడని ఆమె లెక్క.

ఆదివారం అందరూ వచ్చారు. అందరికంటే ముందు నికనోర్, మోకాళ్ళదాకా బురదలో.

"ఏం వదినా, నెల్లాళ్ళుగా నన్నూ నా బూట్లనీ కొరకొరా చూస్తున్నావు? బూట్లు మా అల్లుడివి. కావాలంటే నువ్వే తొడుక్కో!"

అందరూ గొల్లుమన్నారు. దొమితీలాకి సిగ్గేసింది, ప్రాణం లేచొచ్చింది కూడా. మొక్కజొన్న కల్లు ముంత తనే అందించింది.

"ఇంతకీ అన్నయ్య దిగడేం?" అన్నాడు నికనోర్.

ఎలాదియో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. లాగు కూడా పైకి మడవలేదు.

"ఏమయ్యా, నీకు వేరే ముహూర్తం పెట్టాలా?" అంది నవ్వుతూ. అతను తల ఎత్తలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నువ్వా?"

"మనది మనది అని అరిచి తూటా తిన్నానే," అన్నాడతను. "ఇప్పుడా కాలవ మనదే. ఎండిపోతే మీకు చేతకాదని దొరలు మళ్ళీ వస్తారు. అది నీళ్ళడిగితే నేనెలా లేదంటాను?"

తొక్కే కాళ్ళన్నీ ఆగిపోయాయి. దొమితీలా అడిగింది.

"మనదంటున్నావు. అందులో నేనున్నానా?"

ఎలాదియో చెయ్యి తొడ మీది పాత మచ్చ మీదికి పోయింది. ఆమె జీరాడుతున్న లంగా కుచ్చెళ్ళు ఎగదోపి బురదలోకి దిగింది.