తుడవకూడని రేకు

రాగి రేకుకీ అల్యూమినియం రేకుకీ పుట్టుకతోనే పొత్తు లేదు. ఒకటి ఎర్రది, బరువైనది. రెండోది తెల్లది, చేత్తో ఊపితే గాలికి లేచేది. నిప్పు పెట్టకుండా, మధ్యలో ఇంకే అతుకూ వేయకుండా ఆ రెండింటినీ ఒకే రేకుగా చేయడం వీధి చివర షెడ్డులో ఇద్దరాడవాళ్ళ బతుకుతెరువు. రేకుల ముఖాలు శుభ్రం చేసి, ఎదురెదురుగా పేర్చి, ఉక్కు రోలర్ల మధ్య గట్టిగా నలిపితే అవి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ముఖాలు సిద్ధం చేసేది కంగారమ్మ. రోలర్ల దగ్గర నిలబడేది ఆమె ఆడపడుచు.

కంగారమ్మకి ఇంకో పేరుండేది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు పోయారు. తలుపుకి తాళం వేసి పది అడుగులు వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసే మనిషి. ఒకనాటి పొద్దున మొగుడు “వస్తా” అని పనికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి నలుగురు మోసుకొచ్చారు. అప్పట్నుంచీ ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడుతుంది. అన్న వదిలిపోయిన రోలర్లని చెల్లెలు అందుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ షెడ్డు ఎప్పుడో తుప్పు పట్టిపోయేది.

ఇప్పుడా చెల్లెల్ని దూరపు పట్నంలో పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు పిలుస్తున్నారు. సోమవారానికి జవాబు చెప్పమన్నారు. ఆడపడుచు ఫోనులో మాట్లాడుతుంటే కంగారమ్మ చెవిన పడింది. వెళ్ళకు అనడానికి నోరు రాలేదు. చుట్టూ తిరిగి మాట్లాడింది. “ఆ ఊళ్ళో నీళ్ళు ఉప్పగా ఉంటాయా?” అంది ఒకనాడు. “అద్దెలెలా ఉంటాయంటావ్?” అంది మరోనాడు. ఆడపడుచు “ఏమో” అని ఊరుకుంది.

ఇంతలో కరెంటు సామాను చేసే కంపెనీ ఒకటి రాగి, అల్యూమినియం కలిపిన ముక్క ఒకటి నమూనాకి అడిగింది. అది నిలిస్తే ఏడాది పొడుగునా పని. నిలవకపోతే ఆడపడుచుని ఆపడానికి ఆ షెడ్డులో ఏమీ మిగలదు. కంగారమ్మ ప్రాణాలన్నీ ఆ ముక్క మీదే పెట్టుకుంది.

శనివారం పొద్దున వేసిన మొదటి ముక్క అరటి తొక్కలా ఊడొచ్చింది.

“చూడు వదినా, నీ నిర్వాకం.”

“రోలరు బిగువు తగ్గిందేమో చూసుకో.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా రోలరు మీద పడతావేం? ఇంకో జత చెయ్యి, ఇక్కడే నించుంటా.”

కంగారమ్మ రెండు రేకుల్నీ మందులో కడిగి జిడ్డు వదిలించింది, ఆరబెట్టింది. గిర్రున తిరిగే తీగ బ్రష్షు కింద ముఖాలు పెట్టింది. అద్దంలాంటి నునుపు పోయి, ఒళ్ళంతా సన్నటి గీతలు తేలాయి. అంచు మీద కాస్త పొడి కనబడింది. మందులో తడిపిన తెల్లగుడ్డ తీసి, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచింది.

“ఆగు!” ఆడపడుచు గుడ్డ లాక్కుంది. “గీశాక తుడుస్తారా ఎవరైనా?”

“పొడి ఉండిపోతే…”

“దులిపితే పోయేదానికి తడిగుడ్డా? అది వదిలిన పొర చాలదూ అతుకు చెడడానికి? నాకీ సంగతి నేర్పిందే నువ్వు! ఇన్నేళ్ళలో ఎన్నడూ తుడవని చెయ్యి ఇవాళ తుడిచిందంటే నాకర్థం కాలేదనుకున్నావా? నన్ను సాగనంపాలని చూస్తున్నావ్.”

కంగారమ్మ తలెత్తింది. “నేనా?”

“నీళ్ళెలా ఉంటాయి, అద్దెలెంత, అని రోజూ వాకబు చేసింది నువ్వు కాదూ? మూటా ముల్లె సర్దడమొక్కటే తక్కువ.”

కంగారమ్మకి కోపం రాగా ఎవరూ చూసి ఎరగరు. తుడిచిన రేకుని గుంజుకుని మళ్ళీ కడిగింది, ఆరబెట్టింది, బ్రష్షు కింద అదిమింది. రాగిని కూడా మరోసారి గీసింది. మోటారు రొదని మించి అరిచింది: “ఉప్పునీళ్ళంటే భయపడి ఆగిపోతావనుకున్నానే, పిచ్చిదాన్ని! నువ్వెళ్తే ఈ షెడ్డు తలుపు తీయడానికి నా చెయ్యి రాదు. వెళ్ళకు. అంతే. వెళ్ళకు!”

ఆడపడుచు నోరు తెరిచింది. బల్ల మీద రెండు రేకులూ గీసిన ముఖాలతో వెల్లకిలా ఉన్నాయి. గాలి తగిలేకొద్దీ వాటి మీద కంటికి కనబడని పొర కడుతూనే ఉంటుంది.

“జవాబు తర్వాత,” అంది. “ముందు రేకు పట్టు. అంచులే పట్టుకో.”

ఎదురెదురుగా పేర్చారు, కొసలు సన్నతీగతో బిగించారు. ఆడపడుచు రోలర్ల సందు బాగా తగ్గించింది.

“మెల్లగా రెండు విడతలు చేద్దామే, చీలిపోతుందేమో.”

“మెల్లగా నొక్కితే పక్కపక్కన పడుకుంటాయి గానీ కలవవు వదినా. ఒక్క దెబ్బకి మందం సగానికి నలగాలి. గీసిన పైపొర పగిలి, లోపలి లోహం పైకి తోసుకొస్తేనే ఒకదాన్నొకటి పట్టుకునేది.”

రోలర్లు మూలిగాయి. అటువైపు నించున్న కంగారమ్మ చేతుల్లోకి రేకు పొడుగ్గా, గోరువెచ్చగా వచ్చింది. అంచులు చీలాయి. ఆ చీలిన మేరకి కత్తిరించారు.

మధ్యాహ్నం కంపెనీ మనిషి వచ్చాడు. మూలలో ఉలి దూర్చబోయాడు; సందు దొరకలేదు. ముక్కని పట్టకారుతో అటూ ఇటూ వంచాడు, వంచిన ప్రతిసారీ కంగారమ్మ కళ్ళు మూసుకుంది. చివరికి టప్పున విరిగింది. అతను విరిగిన చోటు వెలుగులో పెట్టి చూశాడు. ఎరుపూ తెలుపూ ఒకే గీత మీద తెగాయి.

“విరిగింది గానీ విడిపోలేదండీ. పని మొదలుపెట్టుకోండి.”

అతను వెళ్ళాక ఆడపడుచు చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది: “పట్నం వాళ్ళకి రానని చెప్పేస్తా.”

“ఇంకెప్పటికీ వెళ్ళవుగా?”

“ఎప్పటికీ అని ఎవరికీ మాటివ్వను వదినా. నా మోకాళ్ళే నా మాట వినడం లేదు. ఈ పని ఉన్నన్నాళ్ళూ ఉంటా.”

ఆ తర్వాత ఏమిటన్న ప్రశ్న కంగారమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దొరికినదాన్ని దొరికినట్టు తీసుకోవడం ఆమెకి చాతకాదు. ఆడపడుచు చేతులు తుడుచుకుని తనవైపు చూస్తోంది, ఆ ప్రశ్న వస్తుందని తెలిసినట్టే.

“తిందువుగాని రా,” అంది కంగారమ్మ.