మీనాకు కొంచెం చెవుడు ఉంటే చాలు

పెళ్ళయి నెల తిరగకుండానే నివేద దేవుడిని కోరుకున్న మొదటి కోరిక, తోడికోడలి కూతురికి చెవుడు ఉండాలని. మరీ ఎక్కువ వద్దు. పరీక్షలో తేలేంత, ఏ మందుకో మిషన్‌కో లొంగేంత ఉంటే చాలు.

ఇలాంటి మొక్కుకు కారణం మామగారు జానకిరామన్. తమిళనాడులోని గుడియాత్తంలో వాళ్ళ నేతవీధి మొత్తం తెలుగే మాట్లాడుతుంది కానీ, తెలుగు చదవడం వచ్చినవాడు ఆయన ఒక్కడే. మనవరాలు మీనాను ఒకటో తరగతిలో వేయాల్సిన ఏడు కరోనా వచ్చి బడులు మూశారు. ఆయన ఇంట్లో బడి తెరిచాడు. ఆ తర్వాత ఊళ్ళో బడులన్నీ తెరుచుకున్నా ఆయన మాత్రం తన బడి మూయలేదు. ఇప్పుడు పదేళ్ళ మీనాకు ఆయనే పంతులు, ఆయనే గంట. ముందుగదిలో రెండు మగ్గాలు దడదడలాడుతుంటే వాటి పక్కనే చాప వేసి పాఠం చెబుతాడు.

చిక్కేమిటంటే, అడిగినదానికి మీనా జవాబు చెప్పదని ఆయన ఫిర్యాదు. మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు నివేద చెవిలో లోకంలోని కబుర్లన్నీ గుసగుసలాడే పిల్ల, కింద తాత ముందు కూర్చుంటే మొద్దు అనిపించుకుంటోంది. వీధిలో మిగతా పిల్లలకు చెవులూ కళ్ళూ బడిలోనే పరీక్ష చేసి పోయారు. ఏ బడి పట్టీలోనూ లేని మీనాను ఎవరూ చూడలేదు.

"వేలూరు ఆస్పత్రికి తీసుకపోతాం" అన్నాడు జానకిరామన్ ఒకరోజు. "చెవుల్లో లోపముంటే బాగు చేయిస్తాం. చెవులు బాగుంటే లోపం బుర్రలో ఉండాదని అర్థం. అప్పుడింక పుస్తకం ఎందుకు? కండెలు చుట్టనీ."

మగ్గం నాడెలోకి నూలు కండెలు చుట్టడం ఆ ఇంట్లో చదువు అబ్బనివాళ్ళ పని. బీఎస్సీ చదివిన నివేద వాదించి చూసింది. మామగారు అంతా విన్నట్టే తల ఊపి, తాను అన్నదే మళ్ళీ అన్నాడు. అందుకే ఆ మొక్కు.

మీనా అమ్మానాన్నలను మగ్గాల దగ్గర వదిలి నలుగురూ వేలూరికి బయల్దేరారు. రైలెక్కగానే నివేద సగం దిగులు మర్చిపోయింది. భర్త దేవాతో ఆమెకు ఇది మొదటి రైలు ప్రయాణం. లత్తేరిలో బండి ఆగినప్పుడు దేవా వేయించిన శనక్కాయలు కొని, పొట్లం ఇచ్చే వంకన ఆమె చెయ్యి కాసేపు పట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న మామగారు చూస్తారేమోనని నివేద కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

"చిన్నమ్మా, నాకూ పెట్టు. చిన్నాయన చెయ్యి వదిలినాక పెట్టులే" అంది మీనా, పెదవులు కదిలీ కదలకుండా.

ఆస్పత్రిలో చెవి పరీక్షలు చేసేది మోహన అనే అమ్మాయి. చిత్తూరు పిల్ల కావడంతో తెలుగులోనే పలకరించింది.

"ఏ స్కూలు పాపా?"

దేవా ఇంటి అలవాటు కొద్దీ గొంతెత్తి తండ్రికి అందించాడు: "నాయనా, ఏ స్కూలని అడుగుతా ఉండాది."

"స్కూలు నేనే" అన్నాడు జానకిరామన్.

మోహన అదే రాసుకుని, మీనాను అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోన్లు తగిలించింది. శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమంది. మీనా ఎత్తింది. శబ్దం తగ్గించినా ఎత్తింది. ఇంకా తగ్గించినా ఎత్తింది. ఆ చెయ్యి లేచినప్పుడల్లా బయట నివేద గుండె జారింది.

"చెవులు బంగారం" అంది మోహన నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. "ఏమక్కా, చెవులు బాగుండాయంటే ఏడుపు మొహం పెట్టినావు?"

"కొంచెమైనా తక్కువ లేదా? ఇంకోసారి చూడమ్మా" అని బతిమాలింది నివేద.

జానకిరామన్ మాత్రం కొడుకు వైపు తిరిగి, "ఏమంటా ఉండాది?" అన్నాడు.

"చెవులు బాగుండాయంట నాయనా."

ఆయన మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళ చాకిరీ బూడిదపాలైందంటే ఎవరికి బాధ ఉండదు? కాసేపటికి తేరుకుని మిషన్ వైపు అనుమానంగా చూశాడు. "దీన్ని ఎట్ల నమ్మేది? నేను కూర్చుంటా. పని చేస్తా ఉండాదో లేదో నేను చెప్తా."

కూర్చున్నాడు. మోహన శబ్దం పెట్టింది. చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. పెంచింది. అక్కడే ఉన్నాయి. ఇంకా పెంచుతూ పోయింది. చాలాసేపటికి ఒక చెయ్యి లేచింది, అదీ మీసం దువ్వుకోవడానికి.

ఆయన గెలిచిన మొహంతో బయటికి వచ్చాడు. "చూసినారా? ఒక్క శబ్దమూ రాలేదు. మిషన్ చెడిపోయి ఉండాది."

మోహన దేవాను చూసింది. దేవా నివేదను చూశాడు. జీవితమంతా మగ్గాల మోతలో గడిపిన మనిషి. ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు. ఇంటిపెద్ద మన మాట వినిపించుకోకపోతే అది పెద్దరికం అనుకుంటాం కానీ, చెవుడు అని ఎవరికి తడుతుంది?

మోహన వాదించకుండా ఒక చిన్న వినికిడి మిషన్ తెచ్చి ఆయన చెవిలో అమర్చింది. "తాతా, ఇప్పుడు పాపను ఏదైనా అడుగు" అంది.

ఆయన పంతులు గొంతుతో అడిగాడు: "మీనా, జోలార్పేట యాడ ఉండాది?"

మీనా రోజూలాగే తల వంచుకుని, రోజూలాగే పెదవుల కింద చెప్పింది: "నిన్న యాడ ఉండిందో ఆడే ఉండాది."

జానకిరామన్ చెవి తడుముకున్నాడు. మనవరాలిని కొత్తగా చూసినట్టు చూశాడు.

"ఇన్ని దినాలూ నాకు ఇదేనా నువ్వు చెప్తా ఉండేది?"

మీనా నివేద కొంగు చాటుకు జరిగింది. "ఊరికే అడిగిందే అడిగితే ఇట్ల చెప్తా. లేకుంటే సరిగ్గానే చెప్తా తాతా."

ఆయన మీసం వణికింది. కోపమేమో అనుకుంది నివేద. కాదు, ఆయన నవ్వు ఆపుకుంటున్నాడు.

మిషన్ కొన్నాళ్ళు పెట్టుకుని చూడమని మోహన చెప్పి పంపింది. వీధిలోకి రాగానే దేవా భయం భయంగా అడిగాడు: "రేపు పాఠమా నాయనా, కండెలా?"

"పాఠమే. అదీ మొదటి పేజీ నుంచి. దీని జవాబు ఒక్కటైనా నేను విన్న పాపాన పోలేదే."

నివేదకు ఆ నడివీధిలోనే గంతు వేయాలనిపించి, కొత్తకోడలినని గుర్తొచ్చి ఆగింది. మీనా మాత్రం ఆమె చెయ్యి పట్టి కిందికి లాగి గుసగుసలాడింది: "చిన్నమ్మా, తాత చెవిలో అది ఊడి పడిపోతాదా?"

"పడదు" అన్నాడు ముందు నడుస్తున్న జానకిరామన్, వెనక్కి తిరగకుండానే.