అమ్మ గొంతులో పాఠం

ఆకు కింద దూరిన చీమ ఏమైనట్టు, అనుకుంటూ ఆమె వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది, చేతిలో తడిగిన్నె, ముందుగదిలో కూతురు గువ్వ ఫోను ముందు బుద్ధిగా కూర్చుని టీచరుకు పాఠం చదివి వినిపిస్తోంది, చీమ గింజను మోసుకుంటూ బయల్దేరింది, దారిలో వాన పట్టుకుంది, వాన వెలిసింది, చీమ ఇల్లు చేరింది, మధ్యలో ఉండాల్సిన ఆకు లేదు, పిల్ల వేలు మాత్రం వరుసల మీద తడబడకుండా జారుతూనే ఉంది, టీచరూ గమనించినట్టు లేదు, పాపం అరచేతంత తెరలో అంతమంది పిల్లల్లో ఎవరి వేలని చూస్తుంది, శభాష్ గువ్వా, ఇంత ధారగా చదివేవాళ్లు మన క్లాసులో ఎవరూ లేరమ్మా అంటోంది, అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, మరేమనుకున్నారు టీచరుగారూ, మా మనవరాలు ఏకసంథాగ్రాహి, ఒక్కసారి వింటే చాలు అని మురిసిపోతోంది, తనకూ మురిపెం రావాలి, రాలేదు, ఎందుకంటే ఆ ఆకును వదిలేసింది పిల్ల కాదు, తను.

బస్టాండులో తను అనౌన్సరు, బస్సులు సగానికి సగం తగ్గినా మైకు ముందు మనిషి ఉండాల్సిందే, అందుకే కరోనాకి బడి మూసేసిన దగ్గర్నించీ ఆ గాజు గదిలో బస్సుకీ బస్సుకీ మధ్య దొరికే తీరికలో పాఠం చదివి ఫోనులో రికార్డు చేసి ఇంటికి పంపుతోంది, బడి లేకపోతేనేం గొంతుంది కదా అని ఎంత గర్వం, నిన్న సరిగ్గా ఆకు దగ్గరికొచ్చేసరికి కంట్రోలరు తలుపు తోసుకొచ్చి, అమ్మా ఆ బండి లేటు, కాస్త చెప్పండి అన్నాడు, చెప్పి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక వరుస దాటిపోయింది, పోనీలే, పుస్తకం ఉందిగా అనుకుంది, ఉంది, పిల్ల ఎదురుగానే తెరిచి ఉంది, మరి పిల్ల చదువుతున్నది దేన్ని, ఆ ఆగడం కూడా తనదే, ఊరి పేరు పలికే ముందు మైకు దగ్గర తను తీసుకునే చిన్న ఊపిరి, ఏడేళ్ల పిల్ల చీమ ముందు అచ్చం అలాగే ఊపిరి తీసుకుంది.

దొంగ గడుగ్గాయి, బద్ధకం, విని వప్పజెప్పడం మరిగింది, ఉండు నీ పని చెప్తాను అని టీచరు ఫోను పెట్టేయగానే పక్కన కూలబడి తను ఇంకా చదివి పంపని పాఠం తీసింది, ఏదీ ఇది చదువు, పిల్ల పుస్తకం వైపు కాక తన వైపు మొహం తిప్పి ఎదురుచూసింది, ఇది నువ్వింకా చెప్పలేదు కదమ్మా, నేను చెప్పడమేమిటే, అక్షరాలు మర్చిపోయావా, పోయినేడు బస్సు కిటికీలోంచి కొట్ల బోర్డులన్నీ గడగడా చదివేస్తుంటే కండక్టరు, ఈ పాపకి టికెట్టు కాదు, జీతం ఇవ్వాలమ్మా అని నవ్వాడు, ఆ పిల్లేనా ఇది, పలక మీద బెత్తెడంత అక్షరం రాసి ఎదురుగా పెడితే పిల్ల పలకను రెండు చేతులా అందుకుని ముక్కుకి ఆనించుకుంది, మెల్లగా తల జరిపింది, ఇటునించి అటు, క అంది.

అక్షరం మర్చిపోలేదు, అయ్యో, మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేది.

గదిలో ఇంకా పొద్దుంది, కిటికీ నిండా వెలుగుంది, ఆ వెలుగులో ఆమెకు కనపడింది, ఎదుటి గోడ మీద పిల్ల భుజమంత ఎత్తున పడకగది నుంచి స్నానాలగది దాకా సాగిన ఆ జిడ్డు మరక, ఎన్నిసార్లు తుడిచింది, గోడలు రాసుకుంటూ నడవొద్దని ఎన్నిసార్లు కసిరింది, గ్లాసులో వేలు ముంచి నీళ్లు పోసుకుంటుంటే శుభ్రం లేదని చేతి మీద ఒక్కటిచ్చింది, వేలికి నీళ్లు తగిలితే గ్లాసు నిండినట్టు, అంతేనా, అందుకేనా, రంగు పెన్సిళ్లతో విసుగొచ్చిందంటే సరేలే అంది, గుమ్మాలకి కొట్టుకుంటుంటే అత్తగారు దిక్కులు చూస్తూ నడుస్తుంది అంది, దిక్కులు చూడటం, ఏ దిక్కు కనపడుతోందని, పక్కింటావిడ మీ పిల్ల చదువెలా సాగుతోందంటే, ఏదో గుడ్డిలో మెల్ల అన్నది తనే కదూ, ఛీ పాడు నోరు, ఇప్పుడే గుర్తు రావాలా ఆ మాట.

ఎప్పట్నించి తల్లీ, అని అడిగింది, బడి మూసేశాక, మొదట కొంచెం మసక, ఇప్పుడు మధ్యలో ఏమీ కనపడదు, చుట్టూ కూడా మసకే, పిల్ల పెరుగు పులిసిందని చెప్పినంత మామూలుగా చెప్పింది, మరి చెప్పలేదేమే, నాకెందుకు చెప్పలేదే, నువ్వు చదువుతావు కదమ్మా, కనపడక్కర్లేదుగా, అత్తగారి కుర్చీ కిర్రుమని ఆగిపోయింది, ఏమిటే, ఏమంటోంది అది, ఏమిటంటున్నావే అని ముసలి గొంతు ఒకటే అడుగుతోంది, కంటాసుపత్రి, తెరిచే ఉందా, రేపటి దాకా ఆగొచ్చా, ఇన్నాళ్లూ ఆగింది చాలదా, ఆమె చెప్పులు వెతుకుతూనే పిల్లను చంకనెత్తుకుంది, పిల్ల అలవాటుగా ఆమె మొహమంతా వేళ్లతో తడిమి, ఏడుస్తున్నావా అంది, బడే ఉంటే మొదటి వారంలోనే, గువ్వకి నల్లబల్ల కనపడటం లేదు టీచర్ అని ఎవరో ఒకరు చెప్పేవారు, ముందు బెంచీకి మార్చేవారు, కబురంపేవారు, ఇక్కడ పిల్ల తడబడకుండా, తడుముకోకుండా, ఎవరికీ అనుమానం రాకుండా నెలల తరబడి చూసుకున్న మనిషి ఒకరున్నారు, ప్రేమగా, ఒక్క రోజు కూడా తప్పకుండా, ఆ కళ్ల మీద రోజుకొక పొర దిగుతుంటే దాన్ని లోకానికి కనపడకుండా కప్పి ఉంచింది ఏ జబ్బూ కాదు, తన గొంతు.